సత్రంలో దిగిపోయిన పెద్దమనుషులు

నంద్యాల,
ఆదివారం మధ్యాహ్నం.

ఒరేయ్ శీనూ,

ఇన్నాళ్లూ జవాబు రాయనందుకు తిట్టుకునే ఉంటావు, తిట్టుకో. ఫోన్లో రాస్తే బొటనవేలు బొమ్మ ఒకటి పడేసి ఊరుకుంటావు, అందుకే కాగితం తీశాను. ఇంట్లో అందరం బాగున్నాం. అమ్మ మోకాలి నొప్పి తగ్గింది, పాప ఏడో తరగతికి వచ్చింది, మా బావమరిది ఇంకా అలాగే ఉన్నాడు (అర్థమైందిగా!). సరే, అసలు సంగతికి వస్తా. చెప్పకపోతే కడుపుబ్బరంగా ఉంది.

మొన్న మావాళ్ల గృహప్రవేశంలో రెండో బంతిలో కూర్చున్నాను. పక్కన మా ఆవిడ తరఫు పెద్దమామ. ఎనభై దాటాయి, నోరు మాత్రం నీలాగే. ఎదురు వరసలో బెంగళూరు కుర్రాడొకడు, "దేశంలో ఇప్పటికీ పెద్ద మెజారిటీ మన నంద్యాలదే, పీవీ గారిది" అని గొప్పలు పోతున్నాడు. నాకు పాణ్యం స్టేషన్లో నీ ఉపన్యాసం గుర్తొచ్చి నవ్వాగలేదు.

"ఆ రికార్డు పోయి చానా నాళ్లాయె" అన్నాడు పెద్దమామ, ఓళిగ తుంచుతూ.

నిజమేరా. 2004లోనే బెంగాల్ ఆరాంబాగ్‌లో అనిల్ బసు దాటేశాడు. 2024లో ఇండోర్‌లో అయితే 11,75,092. అయినా అక్కడ కాంగ్రెస్ అభ్యర్థి నామినేషన్ వెనక్కి తీసుకున్నాడు, పోటీ ఏముంది? మనదీ అంతే కదా. 1991 జూన్‌లో పీవీ ప్రధాని అయ్యాడు, కానీ ఏ సభలోనూ సభ్యుడు కాదు. ఆర్నెల్లలో గెలవాలి. గంగుల ప్రతాపరెడ్డి రాజీనామా చేసి సీటు ఖాళీ చేశాడు. తెలుగువాడు ప్రధాని అయ్యాడని ఎన్టీఆర్ అభ్యర్థినే పెట్టలేదు. బీజేపీ నుంచి బంగారు లక్ష్మణ్ నిలబడ్డాడు. పీవీకి 6,26,241 ఓట్లు, ఆయనకి 45,944. గిన్నిస్ బుక్కులో ఎక్కింది మెజారిటీయే గానీ, పెద్దమనసు ఎన్టీఆర్‌ది అని నేనంటాను. నువ్వు ఒప్పుకోవని తెలుసు.

పెద్దమామ ఊరుకోలేదు. గ్లాసులో వేలు ముంచి బల్ల మీద "41" అని రాశాడు, పక్కనే "1". "ఇది చూడప్పా" అన్నాడు. 1977. ఎమర్జెన్సీ తర్వాత ఉత్తరాదిలో కాంగ్రెస్ తుడిచిపెట్టుకుపోయింది, ఇందిరమ్మే రాయబరేలీలో ఓడింది. మన రాష్ట్రంలో మాత్రం 42 సీట్లకు 41 కాంగ్రెస్‌వే. ఆ మిగిలిన ఒక్కటి నంద్యాల! జనతా తరఫున నీలం సంజీవరెడ్డి, కాంగ్రెస్ పెండేకంటి వెంకటసుబ్బయ్య మీద గెలిచాడు. మామ సంజీవరెడ్డికే ఓటేశాడట. చెబుతుంటే కళ్లు మెరిశాయి, విస్తరి సంగతే మరిచిపోయాడు, వడ్డించేవాడు రెండుసార్లు వచ్చి వెళ్లాడు. అది రా ఓటంటే. గాలంతా ఒకవైపు వీస్తుంటే ఎదురు నిలబడ్డం.

"మరి ఆయన మనకేం చేశాడు?" అన్నాడు కుర్రాడు.

"చేసేదానికి ఉన్నాడా యాడన్నా? మార్చిలో స్పీకర్, జూలైలో రాష్ట్రపతి. పీవీ మాత్రం? 96లో ఇక్కడా ఒడిశా బరంపురంలోనూ రెండుచోట్లా గెలిచినాడు, బరంపురం ఉంచుకొని మనల్ని వదిలేసినాడు. నంద్యాల ఒక సత్రమప్పా. పెద్దోళ్లు దిగుతారు, తెల్లారితే పోతారు. పోతా పోతా చాపలు ఎత్తుకపోలేదు, అంతవరకు మేలు."

బంతి మొత్తం పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను గానీ, ఇంటికొచ్చాక నిద్రపట్టలేదు. ఒకటి తట్టింది చూడు. సంజీవరెడ్డి 1971లో సొంత అనంతపురంలో ఓడిపోయాడు. పీవీ 1984లో హనుమకొండలో ఓడిపోయాడు, ఆ ఏడాది మహారాష్ట్రలోని రాంటెక్ పుణ్యమా అని పార్లమెంటు మెట్లెక్కాడు. సొంతూరు కాదన్న ఇద్దరికీ ఇక్కడ చోటు దొరికింది! ఒకరు రాష్ట్రపతి, ఒకరు ప్రధాని. ఈ ముక్క నీకు తప్ప ఎవరికి చెప్పినా "అయితే ఏంటి" అంటారు. మా ఆవిడ అదే అంది.

ఇంకోటి, 96లో పీవీ మెజారిటీ లక్షలోపుకి దిగింది. ఐదేళ్లలో ఎంత తేడా! అప్పుడు ఓడిన భూమా నాగిరెడ్డే, పీవీ వదిలేశాక వచ్చిన ఉప ఎన్నికలో గెలిచాడు, 98లో, 99లో కూడా. అక్కణ్ణుంచీ అంతా లోకలే. నంది పైపుల ఎస్పీవై రెడ్డి గారు మూడుసార్లు. 2014లో వైఎస్సార్‌సీపీ నుంచి గెలిచి కొద్ది రోజులకే టీడీపీలోకి వెళ్లాడు. దీని మీద మన బస్టాండు తీర్మానం నీకు గుర్తుందా? నేను దాని జోలికి పోను. 2019లో జనసేన నుంచి నిలబడి, పోలింగ్ అయ్యాక, ఫలితం రాకముందే పోయాడు పాపం. అది తలుచుకుంటే మనసెలాగో అయిపోతుంది. ఫలితం తెలియకుండానే... సరే వదిలేయ్.

2024లో బైరెడ్డి శబరి గెలిచింది. డాక్టరమ్మ. ఆవిడ గురించి పెద్దమామ ఒక మాటన్నాడు, వింటే నువ్వు కింద పడి నవ్వు

కరెంటు పోయిందిరా, పాపను ట్యూషన్‌కి దింపాలట, కింద నుంచి హారన్ మోత. మిగతాది తర్వాత. నీ వాటా బాకీ మాత్రం మర్చిపోలేదు.

నీ
రఘు