గుమ్మటం కారుతోంది: ఇజ్మీర్ బజారు మసీదు కోసం విరాళాల విజ్ఞప్తి

అస్సలాము అలైకుమ్.

మా మసీదు కమిటీలో తెలుగు వచ్చింది నాకొక్కడికే. అందుకే "మీవాళ్ళకి నువ్వే రాయి" అని ఈ పని నా నెత్తిన పెట్టారు. చందా అడగాలంటే నాకు మొదటినుంచీ మొహమాటం. కానీ పోయిన చలికాలం కారే నీళ్ళకు మింబర్ (ఇమామ్ ప్రసంగించే మెట్ల వేదిక) పక్కన బకెట్ పెట్టుకుని జుమా (శుక్రవారం) నమాజు చేశాక, ఇంక అడగక తప్పదనిపించింది.

మేముండేది తుర్కియేలోని ఇజ్మీర్. పాత పేరు స్మిర్నా. ఇక్కడి కెమెరాల్తి బజారులో అనఫర్తలార్ వీధి తిన్నగా ఉండదు, కొడవలిలా వంపు తిరుగుతుంది. ఒకప్పుడు అదే సముద్రపు ఒడ్డు మరి. లోపలి రేవు మేట వేసి పూడిపోయాక ఆ నేల మీద దుకాణాలు, సత్రాలు లేచాయి. రేవుని కాచిన కోట ఇప్పుడు లేదు, పేరు మాత్రం హిసార్ మసీదుకు మిగిలింది. హిసార్ అంటే కోట. 16వ శతాబ్దం చివర్లో కట్టిన ఆ మసీదే ఊళ్ళోని పాత మసీదుల్లో పెద్దది. టూరిస్టులు ఫొటోలు దిగేది మాత్రం 1901 నాటి గడియార స్తంభం పక్కనున్న కోనాక్ మసీదు దగ్గర. ఎనిమిది పలకల చిన్న కట్టడం, గోడలకు నీలి టైల్స్, చూడముచ్చటగా ఉంటుంది.

బజారు మసీదుల్లో కొన్నిటికి ఒక పద్ధతి ఉంది. కింద దుకాణాలు, పైన మసీదు. బష్‌దురాక్, కెస్తానెపజారి మసీదులు అలాంటివే. దుకాణాల అద్దెతో మసీదు నడవాలని పెద్దలు వక్ఫ్ (ధర్మానికి రాసిచ్చిన ఆస్తి) చేసిన ఏర్పాటు. మాదీ అలాంటి మేడ మీది మసీదే గానీ గైడు పుస్తకాల్లో దొరకదు, అంత చిన్నది. ఇమామ్ సాబ్ జీతం ప్రభుత్వమే ఇస్తుంది. కింది దుకాణాల అద్దె మాత్రం ఇప్పుడు మా చేతికి రాదు. కరెంటు, శుభ్రం, చిల్లర రిపేర్లన్నీ శుక్రవారం గుమ్మం దగ్గర పెట్టే డబ్బాతోనే.

అసలు సమస్య గుమ్మటం. దాని మీద సీసపు రేకులు, వాటి కింద గడ్డి కలిపిన మట్టి పూత. ఎండకు సీసం సాగి కిందికి జారుతుంది, అతుకుల దగ్గర విచ్చుకుంటుంది. చలికాలంలో లోదోస్ అనే నైరుతి గాలి లేస్తే వాన నిలువుగా పడదు, అడ్డంగా కొడుతుంది. నీళ్ళు రేకు కిందికి దూరి మట్టిని నానబెడతాయి. మిహ్రాబ్ (నమాజు దిక్కు చూపే గోడలోని గూడు) పైన సున్నం పొంగి అప్పడంలా లేచింది. వేలు పెడితే పొడి రాలుతుంది, ఆ పొడి ఉప్పగా ఉంటుంది.

ఇజ్మీర్‌కు భూకంపాలు కొత్త కాదు. 1688లో ఊళ్ళో చాలా భాగం కూలిపోయింది. 2020 అక్టోబరు 30న, అదీ శుక్రవారమే, మధ్యాహ్నం వచ్చిన భూకంపంలో 117 మంది పోయారు. జుమా అయ్యి జనం వెళ్ళిపోయాక వచ్చింది కాబట్టి మా దగ్గర ఎవరికీ ఏమీ కాలేదు, అల్‌హమ్దులిల్లాహ్. గోడకు పగులు మాత్రం పడింది. దాన్ని పూడ్చిన మేస్త్రీ సిమెంటు వాడాడు. సున్నపు గోడకు సిమెంటు పడదు, లోపలి తడిని బయటికి పోనివ్వదు. ఇప్పుడు ఆ అతుకు చుట్టూ కొత్త పగుళ్ళు. అప్పుడు పక్కన నిలబడి చూసుకోకపోవడం మా తప్పే.

తారు షీటు కప్పేస్తే సరిపోదా అని చాలామంది అడుగుతున్నారు. ఇది రక్షిత కట్టడం, అనుమతి లేకుండా మేకు కూడా కొట్టకూడదు. సీసం పని తెలిసినవాళ్ళు వచ్చి పాత రేకులు విప్పి, మట్టి మళ్ళీ వేసి, కొత్త రేకులు పరవాలి. ముందు గుమ్మటం, తర్వాత సిమెంటు గీకి సున్నం వేయడం. డబ్బు మిగిలితే వుజూ (నమాజుకు ముందు కాళ్ళూ చేతులూ కడుక్కునే) కుళాయిలు. కార్పెట్ సంగతి ఇప్పుడు ఎత్తవద్దని కమిటీలో గట్టిగానే చెప్పాను.

ఎక్కడో ఉన్న మసీదుకు మేమెందుకివ్వాలి అంటారేమో. న్యాయమైన ప్రశ్నే, మీ వీధి మసీదుకే ముందివ్వండి. ఒక పాత మాట మాత్రం చెప్పుకోవాలి. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత తుర్కీ ఖలీఫాకు మద్దతుగా నడిచిన ఖిలాఫత్ ఉద్యమం రోజుల్లో హిందుస్తాన్‌లో "స్మిర్నా ఫండ్" పేరుతో ఈ ఊరి కోసం చందాలు పోగుచేశారు. అప్పట్లో భారతీయ ముస్లింలు పంపిన సొమ్ములో కొంత 1924లో ఇక్కడ తుర్కియేలో పెట్టిన ఇష్ బ్యాంకు మూలధనంలోకి చేరింది. ఇక్కడి ముసలివాళ్ళకు ఆ సంగతి ఇంకా గుర్తుంది. నేను ఇండియా అని చెప్పగానే టీ డబ్బులు తీసుకోరు.

దయచేసి జకాత్ (ఏటా తప్పనిసరిగా ఇవ్వాల్సిన దానం) సొమ్ము పంపకండి, అది పేదల హక్కు. లిల్లాహ్, సదఖా (ఇష్టపూర్వకంగా ఇచ్చే దానాలు) అయితేనే ఇవ్వండి. ఒక రేకు ఖర్చు, అందులో సగం, ఎంతైనా సరే. మేస్త్రీ కొటేషన్, అనుమతి కాగితం అడిగినవాళ్ళకు చూపిస్తాం. డబ్బు కమిటీ ఖాతాకే వెళ్ళాలి. నాతో సహా ఎవరి సొంత ఖాతాకూ వేయకండి. ఇక్కడే ఉంటున్న తెలుగువాళ్ళు జుమాకి వచ్చినప్పుడు రసీదు అడిగి తీసుకోండి. టీ కొట్టు పక్కన మెట్లెక్కాలి. మూడో మెట్టు విరిగింది, చూసి ఎక్కండి.