హోమ్ ఆటోమేషన్, హోమ్ థియేటర్ పనిలో లోపాలపై ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: నార్సింగిలోని మా ఫ్లాట్‌లో మీ సంస్థ చేసిన హోమ్ ఆటోమేషన్, 5.1.2 హోమ్ థియేటర్ (చుట్టూ ఐదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్, సీలింగ్‌లో రెండు స్పీకర్లు) పనిలో ప్రమాదకరమైన లోపాలు. 15 రోజుల్లో సరిచేయవలసిందిగా కోరుతూ.

అయ్యా,

పని పూర్తయిందని మీరు చెప్పి 40 రోజులైంది. ఈలోగా మీ సర్వీసు వాళ్లు మూడుసార్లు వచ్చారు. వచ్చినప్పుడల్లా యాప్ తీసేసి మళ్లీ ఎక్కించడం, రూటర్ ఆపి మళ్లీ ఆన్ చేయడం తప్ప స్విచ్‌బోర్డు ప్లేటు ఒక్కటీ విప్పలేదు. చివరికి లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌ను పిలిచి మేమే విప్పించాం. కనబడినవన్నీ ఫోటోలతో సహా మీకు పంపుతున్నాం. సామాను మీద మాకు ఫిర్యాదు లేదు. టీవీ, రిసీవర్ (స్పీకర్లను నడిపే ఆంప్లిఫయర్), స్పీకర్లు కొటేషన్‌లో రాసిన మోడళ్లే వచ్చాయి. కంటికి కనబడే చోట మాట నిలబెట్టుకున్నారు. గోడలోకి, సీలింగ్ పైకి వెళ్లే వాటి దగ్గరే తప్పారు.

ముందుగా, ఒక్కరోజు కూడా ఆగకూడని విషయం. సాకెట్ లేకుండా లైట్ల స్విచ్చులు మాత్రమే ఉన్న నాలుగు బోర్డుల్లో, స్మార్ట్ మాడ్యూల్‌కు (యాప్‌తో స్విచ్చును నడిపే పరికరానికి) న్యూట్రల్ బిగించాల్సిన స్క్రూ కింద ఆకుపచ్చ వైరు ఉంది. నలుపు కాదు, ఆకుపచ్చ. అంటే ఎర్తు. బిల్డరు ఇచ్చిన ఆ బాక్సుల్లోకి న్యూట్రల్ రాలేదు. ఫేజ్ స్విచ్ దాటి లైటుకు వెళ్తుంది, న్యూట్రల్ పైన సీలింగ్‌లోనే లైటు దగ్గర కలుస్తుంది. ఇది మీకు సర్వే రోజునే తెలుసు. అందుకే న్యూట్రల్ లాగడానికి కొటేషన్‌లో విడిగా ఒక పద్దు వేసి డబ్బు తీసుకున్నారు. తీరా లాగకుండా, ఇనుప బాక్సుకు అప్పటికే వచ్చి ఉన్న ఎర్తు వైరును విప్పి మాడ్యూల్‌కు తగిలించారు. సాకెట్లున్న బోర్డుల్లో న్యూట్రల్ ముందే ఉంది కాబట్టి అక్కడ పని సవ్యంగానే ఉంది.

ఇలా కలిపినా మాడ్యూల్ పనిచేస్తుంది, యాప్‌లో నొక్కితే లైటు వెలుగుతుంది. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. కానీ మాడ్యూల్ తన కోసం తీసుకునే కరెంటు న్యూట్రల్‌లో తిరిగి రాకుండా ఎర్తులోకి పోతోంది. మేము కొలిస్తే ఒక్కోదానికి 5 నుంచి 6 మిల్లీఆంపియర్లు వచ్చింది. నాలుగు కలిస్తే 20 దాటుతుంది. డీబీలో (ఇంటి మెయిన్ కరెంటు బోర్డులో) ఉన్నది 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు ఎర్తులోకి లీకైతే సరఫరా ఆపేసే స్విచ్చు. దాని మీద 30 అని రాసి ఉన్నా, 15 దాటాక ఎప్పుడైనా పడిపోవచ్చు. ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ల మామూలు లీకేజీ కూడా తోడైతే పడిపోక ఏమవుతుంది? రోజుకు రెండుమూడు సార్లు ఇల్లంతా చీకటి కావడానికి కారణం ఇదే. దీనికి మీ టెక్నీషియన్ ఇచ్చిన సలహా, ఆర్‌సీసీబీ పాడైంది, తీసేసి మామూలు ఎంసీబీ వేసుకోండి అని. దయచేసి ఆ మాట ఇంకే ఇంట్లోనూ చెప్పనివ్వకండి. ఎంసీబీ ఓవర్‌లోడుకీ షార్టుకీ పడుతుంది గానీ మనిషికి షాక్ కొడితే పడదు. పైగా ఎక్కడైనా ఆ ఎర్తు వైరు తెగితే, అవతలి భాగానికి కలిసి ఉన్న ప్రతి ఇనుప బాక్సుకూ, ప్రతి మెషీన్ బాడీకీ ఈ మాడ్యూళ్ల గుండా ఫేజ్ వచ్చేస్తుంది.

సరిచేయడానికి ఒకటే దారి: ఆ బాక్సుల్లోకి న్యూట్రల్ లాగాలి. ఇది మైవాన్ పద్ధతిలో కట్టిన బిల్డింగు, గోడలన్నీ స్టీలు, కాంక్రీటు. గాడి కొట్టకూడదు, కొట్టనివ్వరు కూడా. ఉన్న పైపుల్లోంచే స్ప్రింగ్ వేసి లాగండి. పక్క సాకెట్ బోర్డు దగ్గరగా ఉంది కదా అని అక్కడి నుంచి న్యూట్రల్ తీసుకుంటే మళ్లీ చిక్కే. ఫేజ్ ఏ సర్క్యూట్‌దో న్యూట్రల్ కూడా అదే సర్క్యూట్‌ది కావాలి, లేకపోతే, ఆ రెండు సర్క్యూట్లు వేర్వేరు ఆర్‌సీసీబీల కింద ఉన్నప్పుడు రెండూ పడిపోవచ్చు. విప్పిన ఎర్తును తిరిగి బాక్సుకే బిగించాలి. నాలుగు మాడ్యూళ్లనూ ప్రస్తుతం తీయించి మామూలు స్విచ్చులు పెట్టించాం.

రెండోది వంటగది గీజర్. అది 3 కిలోవాట్ల ఇన్‌స్టంట్ గీజర్, 230 వోల్టుల దగ్గర 13 ఆంపియర్లు లాగుతుంది. దానికి మీరు పెట్టిన మాడ్యూల్ వెనక 10 ఆంపియర్లని అచ్చు వేసి ఉంది. నెల తిరక్కుండానే లోపలి రిలే (కరెంటును కలిపి విడదీసే భాగం) కాంటాక్టులు కాలి అతుక్కుపోయాయి. యాప్‌లో ఆఫ్ అని చూపిస్తోంది, గోడ మీద బటన్ నొక్కితే టక్‌మని శబ్దమూ వస్తోంది, గీజర్ మీద ఎర్రలైటు మాత్రం ఆరడం లేదు. విప్పి చూస్తే టెర్మినల్ చుట్టూ తెల్ల ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగి, వైరు తొడుగు గట్టిపడి పెళుసెక్కింది. ఫోన్ చూసి గీజర్ ఆగిందనుకునే మనిషికి ఇంతకన్నా ప్రమాదం ఏముంటుంది? ఇలాంటి లోడ్లకు డీబీలో 25 ఆంపియర్ల రెండు పోళ్ల కాంటాక్టర్ (కాయిల్‌తో నడిచే పెద్ద స్విచ్చు) పెట్టి, స్మార్ట్ మాడ్యూల్ దాని కాయిల్‌ను మాత్రమే నడపాలి. కాలిన వైరు ముక్కను కోసేసి కొత్తది వేయాలి. బెడ్‌రూముల ఏసీలకు కూడా ఇవే 10 ఆంపియర్ల మాడ్యూళ్లున్నాయి. కంప్రెసర్ స్టార్టయ్యేటప్పుడు ఎక్కువ కరెంటు లాగుతుంది కాబట్టి ఇదే ప్రమాదం వాటికీ ఉంది. అవి కాలేదాకా ఆగకుండా ఇప్పుడే మార్చండి.

ఫ్యాన్లు ఐదూ బీఎల్‌డీసీవి (బ్రష్‌లు లేని డీసీ మోటారువి). వాటిని స్మార్ట్ బోర్డులోని స్పీడ్ కంట్రోల్ చానల్‌కు కలిపారు. బీఎల్‌డీసీ ఫ్యాన్ లోపల దాని సొంత డ్రైవర్ (మోటారును నడిపే సర్క్యూట్) ఉంటుంది, దానికి పూర్తి 230 వోల్టులు నేరుగా అందాలి. రెగ్యులేటర్ గుండా ఇస్తే గుయ్‌మని శబ్దం చేస్తుంది, రిమోట్‌కు పలకదు, చివరికి డ్రైవర్ బోర్డే పోతుంది. హాలు ఫ్యాన్ ఇప్పటికే ఆ దారిలో ఉంది. ఐదింటినీ ఆన్-ఆఫ్ చానల్‌కు మార్చి, స్పీడు కోసం ఐఆర్ బ్లాస్టర్‌కు (రిమోట్ సిగ్నళ్లు పంపే పరికరానికి) రిమోట్ కోడ్‌లు నేర్పిస్తే సరిపోతుంది. ఒక పూట పని. డ్రైవర్ పోయిన ఫ్యాన్‌కు ఖర్చు మీదే.

ఇక హోమ్ థియేటర్. కొటేషన్‌లో రాసింది 2.5 చదరపు మి.మీ. స్వచ్ఛమైన రాగి స్పీకర్ వైరు. సీలింగ్‌లో వేసింది 1.5 చదరపు మి.మీ. వైరు, అదీ రాగి పూత పూసిన అల్యూమినియం. సందేహముంటే మీరే వచ్చి చూడండి: రిసీవర్ వెనక ఒక తీగ పోగు తీసి చాకుతో గీకితే ఎర్ర పొర లేచిపోయి లోపల వెండిలా తెల్లగా మెరుస్తుంది. రాగి అయితే ఎంత గీకినా ఎర్రగానే ఉంటుంది. సరౌండ్ స్పీకర్ దాకా 18 మీటర్లు, రానూపోనూ 36. స్పీకర్ వైపు రెండు తీగలూ ముడివేసి, రిసీవర్ వైపు మల్టీమీటర్ పెట్టి, ప్రోబుల సొంత రెసిస్టెన్స్ తీసేస్తే 0.65 ఓం వచ్చింది. మీరు రాసిచ్చిన వైరయితే 0.25 రావాలి. 6 ఓంల స్పీకర్‌కు వైరు 5 శాతం, అంటే 0.3 దాటకూడదని ఈ పని చేసేవాళ్లందరూ పాటించే లెక్క. అల్యూమినియం పోగులు బిగించిన చోట తుప్పు పొర పట్టి వదులవుతాయి కూడా. కుడి సరౌండ్ మధ్యమధ్యలో మూగపోవడం అందుకే.

రిసీవర్ నుంచి టీవీకి వేసిన 12 మీటర్ల హెచ్‌డీఎంఐ కేబుల్ మామూలు రాగిది. 4కే, 60 హెర్ట్జ్, హెచ్‌డీఆర్ (వెలుగునీడలు మరింత స్పష్టంగా చూపే) బొమ్మకు సెకనుకు 18 గిగాబిట్ల దాకా వెళ్లాలి. అంత వేగం మామూలు రాగి కేబుల్‌లో 5 మీటర్లు దాటితే నమ్మకంగా నిలవదు. అందుకే టీవీ రెండు మూడు సెకన్లు నల్లబడి మళ్లీ వస్తోంది. మొదటిసారి ఫిర్యాదు చేసినప్పుడు మీ మనిషి టీవీ సెట్టింగ్స్‌లో ఆ హెచ్‌డీఎంఐ పోర్టును ఎన్‌హాన్స్‌డ్ నుంచి స్టాండర్డ్‌కు మార్చి వెళ్లాడు. నల్లబడడం ఆగింది నిజమే, దాంతోపాటు హెచ్‌డీఆర్ కూడా ఆగిపోయింది. ఏ టీవీని దాని బొమ్మ కోసం అంత డబ్బు పెట్టి కొన్నామో ఆ బొమ్మే లేకుండా చేయడం రిపేరు కాదు. ఇక్కడ వేయాల్సింది ఆప్టికల్ హెచ్‌డీఎంఐ కేబుల్. అది ఒకే దిశలో పనిచేస్తుంది కాబట్టి సోర్స్ అని రాసిన కొస రిసీవర్ వైపే ఉండాలి, ఈఆర్క్ (టీవీ శబ్దాన్ని రిసీవర్‌కు తిరిగి పంపే సదుపాయం) పనిచేస్తుందని ప్యాకెట్ మీద ఉండాలి, మూలల దగ్గర కేబుల్‌ను మడత పడనివ్వకూడదు. మీరు వేసిన 20 మి.మీ. పైపులో హెచ్‌డీఎంఐ తల దూరదు. ఫాల్స్ సీలింగ్ పైన 32 మి.మీ. పైపు వేసి, రేపటి అవసరానికి లోపల ఒక లాగుడు తాడు వదిలిపెట్టండి.

డ్రాయింగ్‌లో సోఫా పైన చూపిన రెండు సీలింగ్ స్పీకర్లను టీవీ పైన పెట్టారు. వైరు తక్కువ పట్టిందేమో గానీ, శబ్దం తల మీద నుంచి రావడం లేదు. వాటిని సోఫా వరుసకు జరపండి, పాత రంధ్రాలు పీవోపీతో మూసి రంగు వేయండి, తర్వాత మైకు పెట్టి క్యాలిబ్రేషన్ మళ్లీ చేయండి.

చిన్నవి రెండు. కరెంటు పోయి జనరేటర్ అందుకోగానే అర్ధరాత్రయినా ఇల్లంతా లైట్లు వెలుగుతున్నాయి. ప్రతి మాడ్యూల్‌లో కరెంటు వచ్చాక పాత స్థితిలోనే ఉండేలా సెట్టింగ్ మార్చాలి. రెండో మెష్ రూటర్‌ను (వైఫైని మిగతా గదులకు అందించేదాన్ని) వైర్‌లెస్‌గా వదిలేశారు. కాంక్రీటు గోడల మధ్య అది నిలవదు. బిల్డరు వేసిన క్యాట్ 6 ఇంటర్నెట్ వైరు ఆ గదిలోనే ఉంది, దానికి కలపండి.

ఆఖరిది చిన్నది కాదు. యాప్‌లో మా ఇంటి ఓనర్‌గా ఇప్పటికీ మీ సంస్థ ఈమెయిలే ఉంది, మేము సభ్యులం మాత్రమే. మెయిన్ డోర్ కెమెరా, హాలు కెమెరా, డోర్ లాక్ అన్నీ ఆ ఖాతా కిందే. ఉద్యోగం మానేసిన మీ మనిషి ఎవరైనా పాస్‌వర్డ్ గుర్తుపెట్టుకుంటే మా హాలు చూడగలడు, తలుపు తీయగలడు. కెమెరాలకు ప్లగ్గు తీసేశాం, తాళం యాంత్రిక తాళంచెవితో వాడుతున్నాం. ఈ లేఖ అందిన 48 గంటల్లో ఓనర్ హక్కు మా ఈమెయిల్‌కు బదిలీ చేసి, మీ ఖాతాలన్నీ తొలగించి, రూటర్, హబ్, కెమెరాల అడ్మిన్ పాస్‌వర్డులు, వైరింగ్ డ్రాయింగు రాతపూర్వకంగా ఇవ్వండి. దీనికి మనిషి రానక్కర్లేదు.

మిగతా పనులకు 15 రోజులు. అల్యూమినియం వైరు తీసి కొటేషన్ ప్రకారం రాగి వైరు వేయాలి, లాగని న్యూట్రల్ పద్దును లాగి చూపించాలి. సీలింగ్ మూసేముందు పైన వేసిన ప్రతి వైరునూ మాకు చూపించి ఫోటో తీయనివ్వాలి. బిల్లులో మిగిలిన 10 శాతం ఆ రోజే చెల్లిస్తాం. గడువు దాటితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో (నంబరు 1915) నమోదు చేసి, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద సేవాలోపంగా రంగారెడ్డి జిల్లా కమిషన్‌కు వెళ్తాం. మీ ఆఫీసు ఎక్కడున్నా, మేము ఉండే చోటే ఫిర్యాదు చేసే వీలు ఆ చట్టం ఇచ్చింది.

మా అసోసియేషన్ డ్రిల్లింగుకు ఉదయం 10 నుంచి సాయంత్రం 5 వరకే అనుమతిస్తుంది, ఆదివారం లేదు. వచ్చే మనుషుల పేర్లు ముందురోజే పంపితే గేటు పాసు తీసి ఉంచుతాం. ఈసారి ల్యాప్‌టాప్‌తో పాటు టెస్టర్, క్లాంప్ మీటర్, స్ప్రింగ్ వైరు తెచ్చే ఎలక్ట్రీషియన్‌నే పంపండి.

ఇట్లు,
ఫ్లాట్ యజమానులు,
నార్సింగి, హైదరాబాద్