ఒక చోట లోపం దొరికితే అన్నిచోట్లా చూడాలి

సంపాదకులకు,

ఈమధ్య మా అత్తగారిని గుంటూరు కొత్తపేటలో ఒక నర్సింగ్ హోమ్‌లో చేర్పించాం. అదే యాజమాన్యానికి వేరే పేర్లతో ఇంకొన్ని ఉన్నాయట. రాత్రి డ్యూటీకి వచ్చిన నర్సు పగలంతా వాటిలో ఒకదానిలో పనిచేసి వచ్చింది. రెండు అంతస్తులకూ ఆమె ఒక్కతే. సెలైన్ అయిపోయి గొట్టంలోకి రక్తం ఎక్కుతుంటే మేమే పరుగెత్తి పిలుచుకొచ్చాం. పాపం, ఆ అమ్మాయిని ఏమనగలం? వెనక మెట్ల దారికి అడ్డంగా విరిగిన మంచాలు, ఆక్సిజన్ సిలిండర్లు పడేసి ఉన్నాయి. 2020 ఆగస్టు 9న విజయవాడలో హోటల్‌లో నడిపిన కోవిడ్ కేంద్రంలో మంటలు లేచి 10 మంది చనిపోయారు. అదైనా గుర్తుండొద్దా?

2002 నాటి రాష్ట్ర చట్టం కింద ప్రైవేటు ఆసుపత్రులు రిజిస్టర్ కావాలి. అయితే రిజిస్ట్రేషన్ దేనికది విడిగా ఉంటుంది. అందుకే ఒక చోట లోపం బయటపడితే, అదే యజమాని నడిపే మిగతావాటినీ జిల్లా వైద్యాధికారులు ఆ వారంలోనే, ముఖ్యంగా రాత్రిపూట, తనిఖీ చేయాలి. ఒకే నర్సు పేరు రెండు చోట్ల హాజరు పట్టీలో ఉందేమో సరిచూడాలి. అసలు యజమాని ఎవరో రిసెప్షన్ దగ్గరే రాసి పెట్టించాలి.

- ఒక రోగి బంధువు, గుంటూరు