షాఫ్ట్ వంపు గురించీ రాయండి

సంపాదకులకు నమస్కారం.

ఇంట్లో చిన్న వర్క్‌షాప్ పెట్టుకునేవారి కోసం వచ్చే పనిముట్ల పరిచయాల్లో ఫ్లెక్సిబుల్ షాఫ్ట్ రోటరీ టూల్ (వేలాడే మోటారు తిప్పే శక్తిని, వంగే గొట్టం లాంటి షాఫ్ట్ ద్వారా చేతిలోని పిడికి అందించే పనిముట్టు) గురించి మోటారు వేగం, వెంట వచ్చే బిట్లు (పిడి కొసకు తగిలించే, కోసే, రుద్దే మొనలు) చెప్పి వదిలేస్తున్నారు. దాన్ని ఎక్కడ, ఎంత ఎత్తులో వేలాడదీయాలో ఎవరూ రాయడం లేదు. షాఫ్ట్‌లు తొందరగా పాడవడానికి పెద్ద కారణం అదే.

షాఫ్ట్ పై తొడుగు లోపల తిరిగేది ఉక్కు తీగలతో చుట్టిన కేబుల్. తొడుగు ఎక్కడ ఇరుకుగా వంగితే అక్కడ కేబుల్ దాని గోడను ఒరుసుకుంటుంది. వేడెక్కిన గ్రీజు పలచబడి హ్యాండ్‌పీస్‌లోకి, అంటే చేత్తో పట్టుకునే పిడిలోకి, దిగుతుంది. అలాగే వాడుతూ పోతే కేబుల్ తెగుతుంది. చెయ్యి కాలగానే హ్యాండ్‌పీస్ బేరింగులను అనుమానిస్తారు గానీ, ముందు చూడాల్సింది వంపునే.

మోటారును పనిచేసే చేతి వైపు కొక్కేనికి వేలాడదీయాలి. బల్ల దగ్గర కూర్చుని హ్యాండ్‌పీస్ పట్టుకున్నప్పుడు షాఫ్ట్ ఒకే పెద్ద వంపుతో చేతిలోకి రావాలి. ఎత్తు చాలకపోతే షాఫ్ట్ బల్ల మీద పడి మడత పడుతుంది, ఎక్కువైతే చేతిని పైకి లాగుతుంది. అందుకే ఎత్తు మార్చుకునే స్టాండు మీద సరిచూసుకున్నాకే గోడకు కొక్కెం దించడం మేలు. మోటారును కదలకుండా బిగించకూడదు. వేగాన్ని అదుపు చేసే పెడల్‌ను కాలితో నొక్కగానే అది కాస్త మెలితిరుగుతుంది, దానికి చోటుండాలి.

హ్యాండ్‌పీస్ తొడిగేటప్పుడు కేబుల్ కొస దాని గాడిలో కూర్చోవాలి. కూర్చోకపోతే మోటారు తిరుగుతుంది, బిట్ తిరగదు. బలవంతంగా తోయకుండా, చక్‌ను (బిట్‌ను పట్టి ఉంచే బిగింపు) చేత్తో మెల్లగా తిప్పుతూ నెడితే అదే దిగుతుంది. బిట్ కాడ చక్‌లోకి వీలైనంత లోతుగా వెళ్లాలి. బయట ఎక్కువ మిగిలితే వేగం పెరిగినప్పుడు కాడ వంగి బిట్ గిరాటు పడుతుంది. తాళంతో (చక్‌ను బిగించే చిన్న కీ) బిగించే చక్ అయితే మూడు రంధ్రాల దగ్గరా తిప్పి బిగించాలి, తాళం తీశాకే పెడల్ మీద కాలు పెట్టాలి.

గ్రీజు ఎక్కువైతే మంచిదనుకోవడం పొరపాటు. మాన్యువల్ చెప్పిన గంటలకోసారి కేబుల్ బయటికి లాగి, నల్లబడిన పాత గ్రీజు గుడ్డతో తుడిచి, కొత్తది వేళ్లతో పలచని పొరగా రాస్తే చాలు. హ్యాండ్‌పీస్ నుంచి నల్లటి జిడ్డు కారుతుంటే గ్రీజు ఎక్కువైనట్టే.

రివర్స్ స్విచ్ ఉన్నా బరువు పనికి వాడకండి. కేబుల్ తీగలు ముందు దిశలో బిగుసుకునేలా చుట్టి ఉంటాయి, వెనక్కి తిప్పితే విచ్చుకుంటాయి. స్క్రూతో బిగించిన డిస్కులు కూడా వదులవుతాయి.

వేగం విషయంలో మోటారు హద్దు వేరు, బిట్ హద్దు వేరు. నిమిషానికి 18,000 చుట్లు తిరిగే మోటారుకు తీగ బ్రష్ తగిలిస్తే 15,000 దాటనివ్వకూడదు, తీగలు ఊడి ముఖం మీదికి ఎగురుతాయి. రక్షణ కళ్లద్దాలు తప్పనిసరి. చేతి తొడుగులు మాత్రం వద్దు, అంచు చుట్టుకుంటే వేలినీ లాగేస్తుంది.

ఇకమీద ఇలాంటి పరిచయం వేసినప్పుడు కొక్కెం ఎత్తు, షాఫ్ట్ వంపు చూపించే బొమ్మ ఒకటి పక్కన వేయవలసిందిగా మనవి.

ఇట్లు,
ఒక పాఠకుడు