పానగల్ చూడని సోషల్ టీచర్లు

సంపాదకులు గారికి,

పది రోజుల కింద మీ జిల్లా పేజీలో బీఈడీ ఛాత్రోపాధ్యాయుల ఇంటర్న్‌షిప్ విజయవంతంగా ముగిసిందని వార్త వేశారు, పక్కన శాలువాల ఫొటో కూడా. కోపంలో రాస్తే బాగుండదని ఆగాను. ఇన్ని రోజులైనా తగ్గలేదు కనుక రాస్తున్నాను.

ఆ విజయం సంగతి నాకు కొంచెం తెలుసు. ఈసారి మా మేనకోడలు కూడా ఇంటర్న్‌షిప్ చేసింది. ఆమెది సోషల్ మెథడాలజీ. పంపిన బడిలో లెక్కల సారు లేరు. "సోషల్‌ది ఏముందమ్మా, ఎవరైనా చదివి చెప్తారు, నువ్వు ఏడో తరగతికి లెక్కలు చూడు" అన్నారట. మిగతా టైంలో మధ్యాహ్న భోజనం రిజిస్టరు, మార్కుల ఆన్‌లైన్ ఎంట్రీ. చరిత్ర పాఠాలు చెప్పింది వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. గైడ్ టీచర్ వెనక బెంచీలో కూర్చుని విన్నది ఒక్కటే. మరి రికార్డు నిండా అన్ని లెసన్ ప్లాన్లు ఎట్లా వచ్చాయే అంటే, "పాత బ్యాచ్ వాళ్లవి చూసి రాయడమే మామయ్యా" అని నవ్వింది. డబ్బులిస్తే చార్టులతో సహా రాసిచ్చే వాళ్లున్నారట.

2015లో బీఈడీని ఏడాది నుంచి రెండేళ్లు చేసినప్పుడు, బడిలో ఎక్కువ రోజులు గడిపితేనే పాఠం చెప్పడం వస్తుందన్నారు. ఫీజు, హాస్టల్ ఖర్చు మాత్రం రెండింతలయ్యాయి. ఇప్పుడు పీజీ చేసిన వాళ్లకు, నాలుగేళ్ల డిగ్రీ వాళ్లకు మళ్లీ ఏడాది కోర్సు అంటూ 2025లో ముసాయిదా తెచ్చారు. ఏడాదా రెండేళ్లా అన్నది తర్వాత, బడిలో వాళ్లతో ఏం చేయిస్తున్నారో ముందు చూడండి.

నల్లగొండలో రెండేళ్లు చదివిన ఆ పిల్ల, కూతవేటు దూరంలో ఉన్న పానగల్ గుడి చూడలేదు. అక్కడి ఛాయా సోమేశ్వరాలయంలో శివలింగం మీద పొద్దంతా కదలకుండా నిలిచే ఆ నీడ ఎట్లా పడుతుందో పిల్లలతో కనుక్కునేలా చేస్తే, అంతకన్నా మంచి పాఠం ఏముంటుంది? ఫణిగిరి బౌద్ధ స్తూపం, దేవరకొండ కోట, రాచకొండ ఇవన్నీ ఉమ్మడి జిల్లాలోనివే కదా! బస్సు పెట్టడానికి బడ్జెట్ లేదంటారు. శాలువాలకు ఎక్కడి నుంచి వచ్చిందో.

నేను ముప్పై ఏళ్లు సోషల్ చెప్పాను. భూదానం పాఠం వచ్చినప్పుడు 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వెదిరె రామచంద్రారెడ్డి వినోబాకు వంద ఎకరాలు ఇచ్చిన సంగతి చెప్పి ఊరుకునేవాణ్ని కాదు. మీ ఇళ్లల్లో ఉన్న పాత భూమి కాగితాలు ఏవైనా తెమ్మనేవాణ్ని. ఒకసారి ఒక పిల్లవాడు వాళ్ల తాత పేరు మీదున్న 38-ఈ సర్టిఫికెట్, అంటే కౌలుదారుకు భూమి మీద హక్కు ఇచ్చిన కాగితం, తెచ్చాడు. రక్షిత కౌలుదారు అంటే ఎవరు, 1950 కౌలుదారీ చట్టం ఎందుకొచ్చింది, అంతకుముందు దొరల కింద ఎట్లుండేదో వివరించడానికి మూడు పీరియడ్లు పట్టింది. ఇంకో పిల్లవాడి నాయనమ్మ బడికొచ్చి వెట్టి గురించి తనే చెప్పింది. సిలబస్ వెనకబడిందని హెడ్మాస్టరు మెమో ఇచ్చారు, అది వేరే సంగతి. ఆ ముసలమ్మలు ఇప్పుడు ఎంతమంది మిగిలారు? సోషల్ టీచరుకు నేర్పాల్సింది ముందు వాళ్లను అడగడం కదా.

ఉద్యోగమిచ్చేటప్పుడైనా చూస్తారా అంటే అదీ లేదు. డీఎస్సీలో రాత పరీక్షకు 80 మార్కులు, టెట్ వెయిటేజీ 20. అభ్యర్థిని ఒక్కసారి కూడా చాక్‌పీస్ పట్టుకుని పిల్లల ముందు నిలబడమనరు. ఆ డీఎస్సీ కూడా 2017 తర్వాత మళ్లీ 2024లో గానీ జరగలేదు. మధ్యలో 2023లో నోటిఫికేషన్ ఇచ్చి రద్దు చేశారు. ఇంతమందికి శిక్షణ ఇచ్చి ఏళ్లకేళ్లు కోచింగ్ సెంటర్లకు అప్పజెప్పడమేమిటో పెద్దలే చెప్పాలి. మా మేనకోడలు కూడా మొన్న దిల్‌సుఖ్‌నగర్ బస్సెక్కింది, బిట్లు బట్టీ పట్టడానికి.

వచ్చే ఏడాది బ్యాచ్‌ను ఒక్క పూట పానగల్ తీసుకుపొమ్మని అధికారులకు మీ పత్రిక ద్వారా మనవి. బస్సుకు డబ్బుల్లేకపోతే ఆటోలు చాలు. గుడి దగ్గర ఫొటో దిగితే మీరు వేసుకోవచ్చు, అది చూసి నేను మళ్లీ ఉత్తరం రాయను.

– ఒక రిటైర్డ్ సోషల్ టీచర్, నల్లగొండ