చర్చలకు ఆడవారినీ పిలవండి

సంపాదకులకు నమస్కారం.

శాంతి ఒప్పందాల్లో, ఘర్షణల నివారణలో మహిళలకు సమాన భాగం ఉండాలని ఐక్యరాజ్యసమితి భద్రతామండలి 2000 అక్టోబరు 31న 1325వ తీర్మానం చేసింది. లైబీరియా యుద్ధాన్ని ఆపాలని 2003లో తెల్లబట్టలు కట్టిన క్రైస్తవ, ముస్లిం స్త్రీలు, చర్చలు సాగుతున్న ఘనా దేశపు సభామందిరం ముంగిట అడ్డంగా కూర్చుని, ఒప్పందం కుదరనిదే ప్రతినిధులను కదలనివ్వమన్నారు; వారిని నడిపించిన లేమా గ్బోవీ 2011లో నోబెల్ శాంతి బహుమతి పొందినవారిలో ఒకరు. 2007లో అదే లైబీరియాకు మన దేశం పంపిన మహిళా పోలీసు దళం ఐక్యరాజ్యసమితి శాంతిదళాల్లో మొట్టమొదటిది (ఈ సంగతి మనలో ఎందరికి గుర్తుందో!). అలాంటప్పుడు, మా కోరాపుట్ జిల్లాలోని కొటియా గ్రామాలపై ఒడిశా, ఆంధ్రప్రదేశ్‌ల మధ్య దశాబ్దాలుగా నలుగుతున్న తగవు గురించి అధికారులు మాట్లాడుకునేటప్పుడు, సంతకూ రేషనుకూ రెండు వైపులా నడిచే ఆ ఊళ్ల ఆడవారినీ పిలవాలని కోరుతున్నాను.

ఒక పాఠకురాలు,
సునాబెడ, కోరాపుట్ జిల్లా