కోస్ట్‌గార్డ్ సాయుధ దళమే

సంపాదకులకు,

సముద్రం ఎరుగని మన నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో సైనిక ఉద్యోగాలకు సిద్ధమయ్యే యువకుల్లో చాలామంది కోస్ట్‌గార్డ్‌ను (తీర రక్షక దళాన్ని) సీఆర్పీఎఫ్, బీఎస్ఎఫ్‌ల మాదిరిగా హోంశాఖ కింది బలగమనుకుంటున్నారు. కొన్ని శిక్షణ కేంద్రాల నోట్సులోనూ అలాగే ఉండడం విచారకరం.

ఇలాంటి దళం అవసరాన్ని పరిశీలించిన రుస్తుంజీ కమిటీ సిఫారసుల ఆధారంగా, నౌకాదళం ఇచ్చిన రెండు ఫ్రిగేట్లు (యుద్ధనౌకలు), కేంద్రం అప్పగించిన ఐదు గస్తీ పడవలతో 1977 ఫిబ్రవరి 1న తాత్కాలికంగా మొదలైన ఈ దళాన్ని, 1978 నాటి కోస్ట్‌గార్డ్ చట్టం కేంద్ర సాయుధ దళంగా స్పష్టంగా నిర్వచించింది. అది రక్షణ మంత్రిత్వశాఖ అజమాయిషీలో పనిచేస్తుంది. అయినా దాని నిత్యకృత్యం యుద్ధం కాదు. ఆపదలో చిక్కిన మత్స్యకారులను కాపాడడం, స్మగ్లింగ్‌ను అడ్డుకోవడంలో కస్టమ్స్‌కు తోడ్పడడం, సముద్రంపై చమురు తెట్టును తొలగించడం వంటివి దాని విధులు. 2008 ముంబై దాడుల తర్వాత ప్రాదేశిక జలాల భద్రత బాధ్యత కూడా పెరిగింది.

ఈ రెండు ముఖాల వల్లే అయోమయం కలుగుతోందేమో. ఇతర దేశాల్లోనూ ఒకే పద్ధతి లేదు: అమెరికాలో ఇది శాంతికాలంలో హోంలాండ్ సెక్యూరిటీ శాఖ కింద ఉన్నా సాయుధ దళమే, అవసరమైతే నౌకాదళం కిందికి వెళుతుంది, బ్రిటన్‌లో మాత్రం పూర్తిగా పౌర సంస్థ.

కోస్ట్‌గార్డ్‌లోని నావిక్ (నావికుడు), యాంత్రిక్ (సాంకేతిక సిబ్బంది) పోస్టుల ప్రకటనలు ప్రచురించేటప్పుడు మీ ఉద్యోగాల పేజీలో ఈ వివరాలను రెండు వాక్యాల్లో చేర్చగలరని మనవి.

– ఒక పాఠకుడు, మిర్యాలగూడ